పిల్లలకు ఇంట్లోనే చదువు: నిర్ణయం నుంచి పదో తరగతి దాకా

పిల్లను బడి మాన్పించి ఇంట్లో చదివిద్దామనుకుంటున్నామని చెప్పేవారిని నేను మొదట అడిగేది ఒక్కటే. పగటిపూట పిల్లతో ఇంట్లో ఎవరుంటారు? ఏ సిలబస్, ఏ పుస్తకాలు, చట్టం ఏమంటుంది అన్నవన్నీ ఆ తరువాతి సంగతులు. వాటికి జవాబులు దొరుకుతాయి. రోజుకు మూడు నాలుగు గంటలు పిల్ల కోసమే కూర్చోగల పెద్దమనిషి ఏడాది పొడవునా ఇంట్లో ఉండకపోతే మాత్రం ఈ పని నిలబడదు.

మా అమ్మాయిని రెండో తరగతి మధ్యలో బడి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు తనకు పద్నాలుగేళ్లు. రోజూ బడికి వెళ్లకుండానే పరీక్ష రాయించే ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాం. మొదలుపెట్టే ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఈ ఏడేళ్లలో అనిపించిన సంగతులను వరుసగా రాస్తున్నాను. మాది రాజమహేంద్రవరం. అయినా రెండు తెలుగు రాష్ట్రాల వారికీ పనికివచ్చేలాగే చెబుతాను.

కారణాన్ని కాగితం మీద పెట్టండి

ఎందుకు మాన్పించాలనుకుంటున్నారో భార్యాభర్తలిద్దరూ విడివిడిగా రాసి, తరువాత కలిసి చదువుకోండి. మా ఇంట్లో ఈ పని చేసినప్పుడు "పిల్ల రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది" అని నేను రాశాను. "రోజూ రెండు గంటలు బస్సులోనే గడిచిపోతోంది" అని మావారు రాశారు. రెండూ నిజాలే. కానీ బస్సు ఒక్కటే బాధ అయితే నడిచి వెళ్లేంత దూరంలో ఇంకో బడి చూసుకుంటే సరిపోయేది. ఇద్దరం ఒకే సమస్య గురించి మాట్లాడుకుంటున్నామనుకుంటూ అప్పటికి నెల రోజులుగా వాదించుకుంటున్నాం.

దూరం, ఫీజు, ఒక టీచరుతో ఇబ్బంది, మోయలేని హోంవర్క్ వంటివి బడి మారిస్తే తీరే కష్టాలు. పిల్ల ఆరోగ్యం, నేర్చుకునే వేగం తరగతి వేగంతో ఎంతకీ కలవకపోవడం, రోజుకు ఐదారు గంటలు కోరే సంగీతమో క్రీడో ఉండటం, ఉద్యోగరీత్యా ఏడాదికో ఊరు మారడం, చదువు మాతృభాషలో పనులతో ముడిపడి సాగాలన్న గట్టి కోరిక వంటివి బడి మార్చినా తీరవు. మీ కారణం ఈ రెండో రకానిదైతేనే ముందుకు వెళ్లండి. ఫీజు మిగులుతుందన్న ఆలోచనతో మాత్రం మొదలుపెట్టవద్దు. ఇంట్లో ఒకరి సంపాదన తగ్గుతుంది, పుస్తకాలకూ ప్రయాణాలకూ ఖర్చవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ లెక్క తేలిపోతుంది.

చదవడంలోనో రాయడంలోనో పిల్ల బాగా వెనకబడిందన్నదే కారణమైతే, ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. నల్లబల్ల మసకగా కనిపిస్తోందని చెప్పడం తెలియక రెండేళ్లపాటు మొద్దు అనిపించుకున్న పిల్లలు ఉన్నారు. అక్షరాలు తారుమారుగా చదువుతుంటే పిల్లల మానసిక నిపుణులకు చూపించి డిస్లెక్సియా ఉందేమో తెలుసుకోండి. బడిలో ఉన్నా ఇంట్లో ఉన్నా ఆ పిల్లలకు వేరే పద్ధతిలో నేర్పాల్సిందే.

తరువాత పిల్లను అడగండి. ఆరేళ్ల పిల్ల నిర్ణయం చేయలేదు కానీ, తనకేది ఇష్టమో ఏది కష్టమో స్పష్టంగా చెబుతుంది. పదేళ్లు దాటిన పిల్లల మాటకు మీ మాటతో సమానమైన బరువు ఇవ్వండి. స్నేహితుల మధ్య నుంచి బలవంతాన తెచ్చుకున్న పిల్లకు ఇంట్లో చదువు చెప్పడం దాదాపు అసాధ్యం.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు. మా అత్తగారు మొదట ససేమిరా అన్నారు. "ఆడపిల్లను బడి మాన్పిస్తారా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తరువాత అర్థమైంది. ఆమెను ఐదో తరగతితో ఆపేశారు, తమ్ముళ్లను చదివించారు. ఆమె తరంలో ఆడపిల్లను బడి మాన్పించడమంటే పెళ్లికో పొలానికో పంపడమే. నేను వాదన మానేసి, ఏ రోజు ఏం నేర్పబోతున్నానో ఆమెకు ముందే చెప్పడం మొదలుపెట్టాను. మూడో నెలలో ఆమే పిల్లను కూర్చోబెట్టుకుని సుమతీ శతకం పద్యాలు చెప్పసాగారు. పెద్దవాళ్ల భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి, ఆ భయంలో ఒక జీవితం ఉంటుంది.

నిర్ణయం తేలాక కూడా వెంటనే బడి మాన్పించవద్దు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులుంటాయి కదా, ఆ ఆరేడు వారాలు ఇంటి చదువును నడిపి చూడండి. ఎంత ఓపిక ఉందో, ఇల్లు ఎలా నడుస్తుందో అప్పుడే తెలుస్తుంది.

చట్టం, కాగితాలు

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కు అంటుంది. పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువును అది పేరుపెట్టి ఒప్పుకోలేదు, పేరుపెట్టి కాదనలేదు. దేశంలో ఇంటి చదువు సాగిస్తున్న కుటుంబాలన్నీ ఈ నడిమి స్థితిలోనే ఉన్నాయి. ఇది తెలిసి దిగండి. పూర్తిగా చట్టబద్ధమని ఎవరైనా ధీమాగా చెప్పినా, నేరమని ఎవరైనా బెదిరించినా నమ్మవద్దు.

ఇదే చట్టం మీకు గట్టి భరోసా ఒకటి ఇస్తుంది. ఆరేళ్లు దాటినా బడిలో చేరని పిల్లలను, చేరి మధ్యలో మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్ అంటుంది. టీసీ రావడం ఆలస్యమైందనీ, వయసు ధ్రువపత్రం లేదనీ ప్రవేశం నిరాకరించకూడదు. అంటే పద్నాలుగేళ్ల లోపు ఎప్పుడైనా తిరిగి బడికి పంపవచ్చు. ఆ తలుపు తెరిచి ఉంచుకోవడం మీ చేతిలో ఉంది.

అందుకే బడి నుంచి బయటికి వచ్చేటప్పుడు గొడవపడి రాకండి. బకాయిలు కట్టి, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, మార్కుల పత్రాలు తీసుకోండి. బడుల, విద్యార్థుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో పిల్లకు ఇచ్చిన పెన్ అనే శాశ్వత సంఖ్యను రాసుకోండి. మళ్లీ ఏ బడిలో చేర్చినా దాన్ని అడుగుతారు. బడి మానేసిన పిల్లల వివరాలు బడి బయటి పిల్లల సర్వేలోకి వెళతాయి కాబట్టి సిబ్బంది మీ ఇంటికి రావచ్చు. వారు తమ పని చేస్తున్నారు. బాల్యవివాహాలను, బాలకార్మికతను పట్టుకోవడానికి ఆ సర్వే ఉపయోగపడుతుంది. మర్యాదగా కూర్చోబెట్టి, పిల్ల నోటుపుస్తకాలు చూపించండి.

దానికోసమైనా ఒక అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. తేదీ వేసి రోజుకు నాలుగు వాక్యాలు రాసే పుస్తకం ఒకటి పెట్టుకోండి. ఏం చదివాం, ఏం చేశాం, ఎక్కడ ఆగింది. పిల్ల రాసిన కాగితాలు, వేసిన బొమ్మలు, చేసిన వస్తువుల ఫోటోలు నెలకో కవరులో వేయండి. మా దగ్గర అలాంటి కవర్లు అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఇంటికి వచ్చిన సిబ్బంది మా మాటల కంటే ఆ పెట్టెనే ఎక్కువ నమ్మారు.

తెలుగు రాష్ట్రాల వారు చాలామంది మరచిపోయేది స్థానికత. మన దగ్గర ఉన్నత విద్య ప్రవేశాల్లో స్థానికుడెవరన్నది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చిన నియమాల మీద ఆధారపడింది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారని చూస్తారు. ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవని వారికి నాలుగేళ్ల నివాసం లెక్కలోకి వస్తుంది, దానికి తహశీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. కాబట్టి రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, ఆధార్‌లో చిరునామా ఒకేలా ఉండేలా ముందునుంచీ చూసుకోండి. ఈ నియమాలు మారుతుంటాయి కనుక, పిల్ల ప్రవేశ పరీక్ష రాసే ఏడాది నోటిఫికేషన్ చదవడం తప్పనిసరి.

మొదటి మూడు నెలలు

నల్లబల్ల కొనకండి. మేము కొన్నాం. తొమ్మిదికి తెలుగు, పదికి లెక్కలు, పదకొండుకి ఇంగ్లీషు అని గోడకు కాగితం అంటించాం. రెండు వారాలకే పిల్ల బడిలో ఏడ్చినట్టే ఇంట్లోనూ ఏడ్చింది, ఇంట్లో అమ్మ కూడా లేకుండా పోయింది, టీచరు మిగిలింది.

బడి నుంచి అలిసి వచ్చిన పిల్లకు కొంతకాలం ఖాళీ కావాలి. రెండు మూడు నెలలపాటు పాఠ్యపుస్తకం ముట్టకండి. రోజూ గంటసేపు కథలు చదివి వినిపించండి, వంటలో తోడు పెట్టుకోండి, మొక్కలు పెంచండి, బంధువుల ఊళ్లకు వెళ్లండి. ఈ రోజుల్లో మీ పని పిల్లను గమనించడం. దేని దగ్గర అరగంట కదలకుండా కూర్చుంటుంది? ఏ వేళ బుర్ర చురుగ్గా ఉంటుంది? విని నేర్చుకుంటుందా, చేతులతో చేసి నేర్చుకుంటుందా? ఏది చూస్తే ముఖం తిప్పుకుంటుంది? అన్నీ ఆ తేదీల పుస్తకంలో రాయండి. ఏడాది ప్రణాళిక ఆ రాతల్లోంచే పుడుతుంది.

ఒక్క నియమం మాత్రం మొదటి రోజు నుంచే పెట్టండి. పగలు ఫోను, టీవీ ఉండవు. బడి పోయిన ఖాళీలోకి తెర వచ్చి కూర్చుందంటే దాన్ని లేపడం చాలా కష్టం.

ఒక రోజు, ఒక పాఠం

తరగతి గదిలో నలభైమందికి ఆరు గంటలు పట్టేది ఒక్క పిల్లకు అంత పట్టదు. ఏడెనిమిదేళ్ల పిల్లకు కూర్చుని చదివే పని రోజుకు గంటన్నర చాలు, పదేళ్లకు రెండున్నర గంటలు, పన్నెండు దాటాక మూడు నాలుగు గంటలు. నా లెక్క ఇది, మీ పిల్లను చూసి సవరించుకోండి. ప్రతిరోజూ తప్పనివి మూడు: చదవడం, రాయడం, లెక్కలు. సైన్సు, సాంఘికం వారానికి రెండు మూడు రోజులు, ఒక్కో అంశం మీద ఎక్కువసేపు నిలబడి చేసుకోవచ్చు.

లెక్కల్లో తొందరపడి అంకెల్లోకి వెళ్లకండి, చేతికి అందే వస్తువుతో మొదలుపెట్టండి. మా అమ్మాయి తీసివేతలో 'అప్పు తెచ్చుకోవడం' దగ్గర ఆగిపోయింది. 52 లోంచి 27 తీయమంటే 35 అని రాసేది, ఎన్నిసార్లు దిద్దినా అదే. ఒకరోజు కొబ్బరి చీపురు విప్పి, పుల్లలు సమానంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేశాం. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు తన ముందు పెట్టి, నాకు ఇరవై ఏడు ఇవ్వమన్నాను. రెండు కట్టలు తీసి ఇచ్చింది. ఏడు విడి పుల్లలు కావాలి, ఉన్నవి రెండే. చాలాసేపు చూసింది. నేను ఏమీ అనలేదు, ఆ పూట నేను చేసిన మంచి పని అదొక్కటే. చివరికి ఒక కట్టకు రబ్బరు బ్యాండు తీసేసి, పుల్లలు కలిపి, ఏడు లెక్కపెట్టి ఇచ్చింది. మిగిలినవి రెండు కట్టలు, ఐదు పుల్లలు. "అమ్మా, ఇది అప్పు కాదు. అప్పయితే తిరిగి ఇవ్వాలి కదా. ఇది కట్ట విప్పడం" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు కట్ట విప్పడమే. వందల్లోనూ వేలల్లోనూ మళ్లీ నేర్పాల్సిన అవసరం రాలేదు.

సైన్సుకు, సాంఘికానికి మీ ఊరే మొదటి పుస్తకం. మాకు గోదావరి ఉంది. ఏటా జులై, ఆగస్టుల్లో వరద వస్తుంది. పత్రికలో రోజూ ఎగువన భద్రాచలం దగ్గర నీటిమట్టం, మా ఊరి పక్కనే ఉన్న ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం వేస్తారు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో అవి 11.75, 13.75, 17.75 అడుగులు. పదో ఏట మా అమ్మాయి గ్రాఫు కాగితం మీద రెండు రంగుల్లో ఈ రెండు గీతలూ గీయడం మొదలుపెట్టింది. దశాంశాలు అక్కడే వచ్చేశాయి. వారం గడిచాక, పైన భద్రాచలంలో గీత కిందికి దిగుతుంటే మన దగ్గర ఇంకా పైకే పోతోందేమిటని అడిగింది. జవాబు చెప్పకుండా పటం, దారం చేతికిచ్చాను. నది వంపుల వెంట దారం పరిచి, స్కేలుతో కొలిచి దూరం లెక్కగట్టింది. దారి మధ్యలో కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తోందని తనే చూసింది. నీరు నడిచి రావడానికి సమయం పడుతుంది, దారిలో ఇంకో నది తోడవుతుంది, అందుకే ఇక్కడ ఆలస్యంగా తగ్గుతుంది. క్యూసెక్కు అంటే ఏమిటన్న ప్రశ్న ఆ వెంటే వచ్చింది. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే దాదాపు 28 లీటర్లు. ఇంట్లో ఇరవై లీటర్ల మంచినీళ్ల డబ్బా ముందు కూర్చుని, పది లక్షల క్యూసెక్కులంటే సెకనుకు ఇలాంటి డబ్బాలు ఎన్నో లెక్కవేసి, అంకె చూసి నిశ్శబ్దంగా ఉండిపోయింది.

ఆ వరద నుంచి, ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట కథలోకి వెళ్లాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన పని, దానికి ముందటి కరవులు, డెల్టా కాలువలు, వరి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. కడియం నర్సరీల్లో ఒక పూట కూర్చుని మామిడికి అంటు కట్టడం చూసి, ఇంటికొచ్చి ప్రయత్నించాం. మొదటి మూడూ ఎండిపోయాయి, నాలుగోది చిగురించింది.

మీకు గోదావరి లేకపోవచ్చు. వరంగల్ వాళ్లకు కాకతీయుల చెరువులున్నాయి, రామప్ప గుడి ఉంది. హైదరాబాదు వాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా ప్లానెటేరియం ఉన్నాయి. విశాఖలో సముద్రమే ఉంది. అనంతపురం పిల్లలు వాననీటి లెక్క నేర్చినంత బాగా ఇంకెవరూ నేర్వలేరు. ఏమీ లేదనుకునే ఊళ్లో కూడా రైతుబజారు, కమ్మరి కొలిమి, పాలకేంద్రం, బ్యాంకు ఉంటాయి. పాలలో వెన్నశాతం ఎలా కొలుస్తారో, దాన్ని బట్టి ధర ఎలా కడతారో పాలకేంద్రంలో ఒక ఉదయం నిలబడి చూసిన పిల్లకు శాతాలు మళ్లీ చెప్పనక్కరలేదు.

పుస్తకాలకు పెద్దగా ఖర్చుండదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు ఉచితంగా దింపుకోవచ్చు. ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాలు ఇంటి చదువుకు ఎంతో ఉపయోగం. ముందు తెలుగులో అర్థం చేసుకుని, తరువాత అదే పాఠాన్ని ఇంగ్లీషులో చదివితే ఆ భాష మీద భయం దానంతట అదే పోతుంది. కథలకు స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాదులోని 'మంచి పుస్తకం' ప్రచురణలు తక్కువ ధరలో వస్తాయి. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడానికి అరవింద్ గుప్తా వీడియోలను మించినవి నేను చూడలేదు.

చిన్న పిల్లలకు తెలుగు చదవడం నేర్పేటప్పుడు అ, ఆ నుంచి బండిరా దాకా వరుస పట్టనక్కరలేదు. అమ్మ అన్న మాట నోటికి సులువు, రాతలో మాత్రం అందులో ఒత్తు ఉంది. తల, వల, కల, పలక, గంప వంటి తలకట్టు అక్షరాల మాటలతో మొదలుపెడితే పది రోజుల్లో పిల్ల సొంతంగా మాటలు చదివేస్తుంది. ఆ సంతోషం మీద గుణింతాలు నిలబడతాయి, ఒత్తులు ఆ తరువాత.

ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒక్కొక్కరికీ వేరే తరగతి నడపాలని చూడకండి, మీరు అలసిపోతారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు తమ గ్రామీణ బడుల కోసం, ఒకే గదిలో వేర్వేరు స్థాయిల పిల్లలు చిన్న చిన్న కార్డులతో ఎవరి మెట్టు వారు ఎక్కే పద్ధతిని తయారుచేశారు. ఆ ఆలోచన ఇంటికి బాగా పనికివస్తుంది. అంశం అందరికీ ఒకటే, పని వేరు. వరద గ్రాఫు పెద్ద పిల్ల గీస్తే, చిన్నవాడు డబ్బాలు లెక్కపెడతాడు.

బడి చెప్పకుండా చేసే పనులు

బడిలో పాఠాలే కాక, మనం గమనించని పనులు కొన్ని జరిగిపోతుంటాయి. ఇంటి చదువులో అవి మీ మీద పడతాయి. ఐదారేళ్లకు డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టరు, పదేళ్లకూ పదహారేళ్లకూ టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా వేయించాలి. పదేళ్లవీ పదహారేళ్లవీ చాలా చోట్ల బడిలోనే వేస్తారు కనుక ఇంటి పిల్లలకు తప్పిపోతాయి. నులిపురుగుల మాత్ర కూడా అంతే. ఆశా కార్యకర్తకు మీ పిల్ల ఇంట్లోనే ఉందని చెప్పి పెట్టండి. ఏడాదికొకసారి కళ్లు, పళ్లు చూపించండి.

తోటి పిల్లలు లేకుండా పిల్ల పెరగకూడదు. దీనికి నేను మినహాయింపు ఇవ్వను. సాయంత్రం నాలుగున్నర తరువాత వీధి పిల్లలంతా బడి నుంచి వస్తారు, ఆ వేళ మీ పిల్ల తప్పనిసరిగా వీధిలోనే ఉండాలి. వారానికి మూడు రోజులైనా ఇతరులతో కలిసి నేర్చుకునే పని ఒకటి పెట్టండి: కబడ్డీ, చదరంగం, కూచిపూడి, ఈత, గ్రంథాలయం, ఏదైనా సరే. ఆదివారం పిల్లలకు ఏదైనా నేర్పే ఏర్పాటు మీరే మొదలుపెట్టవచ్చు. మా మేడ మీద ఆదివారం సైన్సు ప్రయోగాలకు బడికెళ్లే పిల్లలు పన్నెండు మంది వచ్చేవారు. వాళ్లలో ఇద్దరు మా అమ్మాయికి ఇప్పటికీ ప్రాణస్నేహితులు. అంతర్ పాఠశాలల క్రీడాపోటీలకు ఇంటి చదువు పిల్లలకు అర్హత ఉండదు, ఆటే ప్రధానమైతే జిల్లా క్రీడాసంఘాల పోటీల దారి చూసుకోండి. నవోదయ, గురుకులాల ప్రవేశ పరీక్షలు చాలావరకు గుర్తింపు పొందిన బడిలో చదువును అడుగుతాయి. వాటి మీద ఆశ ఉంటే ఆ వయసుకు బడిలో చేర్చండి.

నేర్పే మనిషికి కూడా సెలవు కావాలి. వారానికి ఒక పూర్తి రోజు మావారిదే, ఆ రోజు నేను పుస్తకం వంక చూడను. ఈ ఏర్పాటు లేని ఇళ్లలో రెండో ఏడాదికి తల్లి విసిగిపోయి పిల్ల మీద అరవడం చూశాను. నేనూ అరిచాను. ఆ ఏర్పాటు అప్పుడే చేసుకున్నాం.

పదో తరగతి ఎలా

పదకొండు పన్నెండేళ్లు వచ్చేసరికి ఈ ఆలోచన మొదలవ్వాలి. మనకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, 1989 నుంచి ఉంది. రెండోది రాష్ట్ర ఓపెన్ స్కూళ్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠాలు. రెండింటిలోనూ పదో తరగతికి కనీస వయసు పద్నాలుగేళ్లు. రెండింటిలోనూ తెలుగు మాధ్యమం ఉంది.

ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు చాలు, అందులో కనీసం ఒకటి భాష. ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు నెలల్లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. అన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, ఈసారి రెండు, వచ్చేసారి మూడు రాయవచ్చు, గెలిచిన సబ్జెక్టు అలాగే నిలిచి ఉంటుంది. అసైన్‌మెంట్లకు ఇరవై శాతం మార్కులున్నాయి, వాటిని అశ్రద్ధ చేయకండి. ఇంకా చిన్న తరగతుల్లో ధ్రువపత్రం కావాలనుకుంటే మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ప్రాథమిక స్థాయిలు కూడా అందులో ఉన్నాయి.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు తరువాతి మెట్టు చూడండి. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ మీద ఆలోచన ఉన్న పిల్ల పదిలో లెక్కలు, సైన్సు వదలకూడదు. ఓపెన్ స్కూల్లో చదివితే డాక్టరు కాలేరన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అలాంటి వారిని వైద్యవిద్య ప్రవేశ పరీక్ష అయిన నీట్‌కు అనర్హులుగా చేసిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌కు కూడా ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ (ఇంటర్ స్థాయి) ఐదు సబ్జెక్టులతో సరిపోతుంది.

పరీక్షకు ఏడాదిన్నర ముందు నుంచి గడియారం పెట్టి రాయడం అలవాటు చేయాలి. ఇంటి చదువు పిల్లల ప్రధానమైన బలహీనత ఇదే. బాగా తెలుసు, మూడు గంటల్లో రాయలేరు. మా అమ్మాయి మొదటి నమూనా పరీక్షలో ఒకే ప్రశ్నకు నాలుగు పేజీలు రాసి, మిగతావి వదిలేసి వచ్చింది. ఇప్పుడు ప్రతి శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఇంట్లో కాకుండా పక్కింటి ఖాళీ గదిలో కూర్చుని పాత ప్రశ్నపత్రం రాస్తోంది. దిద్దేది నేను కాదు, పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు. తల్లి దిద్దిన మార్కులు తల్లి మార్కులే.

ఏటా ఏప్రిల్‌లో

ఏడాదికొకసారి, బడుల ప్రవేశాలకు ముందు, ముగ్గురం కూర్చుని మొదట రాసుకున్న కాగితం తీస్తాం. ఆ కారణం ఇంకా ఉందా? పిల్ల నేర్చుకుంటోందా, లేక మేము అలా అనుకుంటున్నామా? దిగాలుగా ఉంటోందా? ఇంట్లో డబ్బు, ఆరోగ్యం ఎలా ఉన్నాయి? మూడు నెలలు వరుసగా పుస్తకంలో రాయడానికి ఏమీ లేకపోతే, నేర్పే మనిషికి జబ్బు చేస్తే, పిల్ల బడికి వెళతానని గట్టిగా అడిగితే, చేర్చేయండి. వయసుకు తగిన తరగతి చట్టమే ఇస్తోంది.

ఈ ఏప్రిల్‌లో మా అమ్మాయిని అడిగితే, పదో తరగతి అయ్యాక ఇంటర్ మాత్రం కాలేజీలో చదువుతానంది. ఎందుకని అడిగాను. ప్రయోగశాల కావాలట, తనతో వాదించేవాళ్లు కావాలట. ఎన్‌ఐఓఎస్ నుంచి మార్కుల పత్రంతోపాటు మైగ్రేషన్ సర్టిఫికెట్, టీసీ కూడా వస్తాయి, చేరడానికి ఇబ్బంది లేదు. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కాలేజీల జాబితా తనే రాసుకుంటోంది. అందులో ఏ ప్రయోగశాల నిజంగా వాడుతున్నారో కనుక్కోవాలని, దసరా సెలవులయ్యాక ఒక్కోదానికి వెళ్లి చూసొద్దామని అడిగింది. మావారు ఆ వారం సెలవు పెట్టారు.